పాత ప్రాసెసర్, పేరు తెలియని బోర్డు

నిరుడు ఆషాఢంలో మా ఇంటి కంప్యూటర్ ఆగిపోయింది. ఆషాఢం కాబట్టి బతికిపోయాను. నాది ఇంట్లో కూర్చుని చేసుకునే డీటీపీ పని, అంటే అచ్చుకు వెళ్లే పేజీలను కంప్యూటర్ మీద సిద్ధం చేయడం. అదే ముహూర్తాల రోజుల్లో అయితే పెళ్లిపత్రికల వాళ్లు గుమ్మంలోనే నిలబడేవారు.

స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. జనగామలో మాకు తెలిసిన రిపేరు కుర్రాడు ర్యామ్ మార్చి చూశాడు, పవర్ సప్లై మార్చి చూశాడు. చివరికి ప్రాసెసర్ తీసి తన దగ్గరున్న వేరే మదర్‌బోర్డులో, అంటే భాగాలన్నీ బిగించే పెద్ద పలకలో పెడితే అది నిక్షేపంగా నడిచింది. "బోర్డు పోయిందన్నా, ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు" అన్నాడు. అది 2012 నాటి ఇంటెల్ ఐ5-3470. నా పనికి ఇప్పటికీ సరిపోతుంది.

మొత్తం కొత్తది కొనమని ఇంట్లో అందరూ అన్నారు. నా చిక్కు వాళ్లకు తెలియదు. నేను పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో, విండోస్ 7 మీద పని చేస్తాను. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరిలోనే సెలవు చెప్పేసింది. ఇంటెల్ ఏడో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లకు విండోస్ 7 మీద మద్దతే లేదు. ఇన్నేళ్లుగా దాచుకున్న పత్రికల ఫైళ్లు, ఆ కీబోర్డుకు అలవాటు పడిన వేళ్లు... వీటన్నిటినీ ఒక బోర్డు కోసం మార్చుకోవాలా? ఆ కంప్యూటర్‌కు నెట్ తీగ ఎలాగూ ఎప్పుడో గాని తగిలించను.

కాబట్టి నా పాత ప్రాసెసర్ కూర్చునే గూడు, అంటే 1155 సాకెట్ ఉన్న బోర్డే కావాలి. పేరున్న కంపెనీలు వాటి తయారీ మానేసి చాలా ఏళ్లయింది. ఇంటెల్ అయితే డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2013లో ప్రకటించింది. ఇప్పుడు ఆ సాకెట్‌తో సీలు తీయని పెట్టె దొరికిందంటే దాని మీద మనం వినని పేరే ఉంటుంది. చవక కోసం వెళ్లి చిన్న బ్రాండ్‌లో పడ్డానని ఎవరైనా అంటే ఒప్పుకోను. నాకు ఉన్న దారి అదొక్కటే.

రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. అక్కడ నాలుగు షాపులు తిరిగేసరికి ఒక విషయం అర్థమైంది. "చిన్న బ్రాండు" అన్న మాట కింద రెండు వేరువేరు జాతులున్నాయి. ఒకటి, మన దగ్గర పేరు తక్కువగా వినిపించే పాత తైవాన్ కంపెనీలు. బయోస్టార్ పుట్టింది 1986లో, గిగాబైట్, ఎంఎస్‌ఐ పుట్టిన సంవత్సరమే. ఇప్పుడు పెద్ద పేరైన ఏస్‌రాక్ కూడా 2002లో చవక బోర్డులతోనే మొదలైంది. ఇలాంటి వాటికి వెబ్‌సైటు ఉంటుంది, మోడల్ నంబరు కొడితే బోర్డును లేపే ప్రోగ్రాం, అదే బయోస్ ఫైలు దొరుకుతుంది. రెండోది, ఎక్కడో తయారైన బోర్డు మీద ఇక్కడి వాళ్లు తమ పేరు అచ్చు వేయించుకున్నది. ఒకే బోర్డు రెండు పెట్టెల్లో రెండు పేర్లతో కనబడింది నాకు. నాకు కావలసిన సాకెట్‌తో ఆ రోజు దొరికినవన్నీ ఈ రెండో జాతివే.

షాపు అబ్బాయి పెట్టె మీది అక్షరాలు చూపించి, "సార్, ఇందులో ఎన్‌వీఎంఈ స్లాట్ కూడా ఉంది" అన్నాడు. ఎన్‌వీఎంఈ అంటే వేగమైన కొత్త రకం డిస్కు. ఉంటే ఉంది. ఆ బోర్డులోని హెచ్61 అనే పాత చిప్‌సెట్ దానికి పూర్తి వేగం ఇవ్వలేదు, పైగా విండోస్ 7కు ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో ప్రత్యేకంగా నేర్పితే గాని తెలియదు. నా చూపంతా వేరే చోట ఉంది. సాకెట్ పక్కన ప్రాసెసర్‌కు కరెంటు అందించే చోకులు (తీగచుట్ట భాగాలు) ఎన్ని ఉన్నాయి? ఒక బోర్డుకు రెండే ఉన్నాయి, పక్కన పెట్టేశాను. నాది 77 వాట్ల ప్రాసెసర్. స్క్రూ రంధ్రాలు ఎన్ని? ఇవి వెడల్పు తక్కువ బోర్డులు కావడంతో కుడి అంచు కింద ఆధారం ఉండదు. ర్యామ్ నొక్కినప్పుడల్లా బోర్డు వంగుతుంది. నెట్ పోర్టు వేగం వెయ్యి ఎంబీపీఎస్‌దా, వందదా? దాదాపు అన్నీ వందవే, అది నాకు పట్టింపు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చివర అడిగాను. "బాబూ, పాడైతే ఎక్కడ ఇవ్వాలి?" రెండు షాపుల్లో "మా దగ్గరకే తెండి సార్, చూద్దాం" అన్నారు. మూడో అబ్బాయి సర్వీస్ సెంటర్ చిరునామా రాసి, బిల్లు మీద సీరియల్ నంబరు వేసి ఇచ్చాడు. 2,300 రూపాయలిచ్చి అక్కడే కొన్నాను. పేరు రాయను.

బిగించడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. పెట్టెలో ఉన్న ఒకే ఒక్క కాగితం నాలుగు మోడళ్లకు కలిపి అచ్చు వేసినది. పవర్ స్విచ్ పిన్నులు ఏవో దాన్ని బట్టి తెలియలేదు. స్క్రూడ్రైవర్ మొనతో రెండేసి పిన్నులు తాకించి కనిపెట్టాను. కుడి అంచు కింద రబ్బరు ముక్కలు మడిచి పెట్టాను. డ్రైవర్ల సీడీ ఇచ్చారు గాని నా దగ్గర సీడీ డ్రైవ్ ఎక్కడిది? రిపేరు కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు.

పదకొండో రోజున వెనుక ఉన్న యూఎస్‌బీ పోర్టులన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. మౌసు లేదు, కీబోర్డు లేదు. శ్రావణం ఇంకో వారంలో ఉంది.

సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే మొదట అడిగిన మాట, "సాకెట్ మీది ప్లాస్టిక్ మూత ఉందా సార్?" ఈ సాకెట్లలో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ చెల్లదు, అందుకే మూత లేకుండా బోర్డు తీసుకోరట. నేను దాన్ని బిగించిన రోజే ఎక్కడో పడేశాను. ఇల్లంతా వెతికాం. మా ఆవిడ చెత్తబుట్ట కూడా తిరగేసింది. తీరా చూస్తే మా చిన్నవాడు దాన్ని బొమ్మ లారీకి తొట్టిగా పెట్టుకుని అందులో శనగలు మోస్తున్నాడు. వాడికి అగ్గిపెట్టె ఇచ్చి మూత తీసుకున్నాను.

మళ్లీ రైలు. కౌంటర్‌లో ఉన్నాయన భూతద్దంతో పిన్నులు చూసి, రసీదు ఇచ్చి, మూడు వారాలన్నాడు. అన్న మాట ప్రకారం మూడు వారాలకే వేరే బోర్డు ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. శ్రావణం పనులు మాత్రం అద్దె కంప్యూటర్ మీద గడిచాయి. లాభంలో సగం అద్దెకే పోయింది.

రెండో బోర్డుదీ అదే పేరు, అదే మోడల్ నంబరు. నెట్ చిప్ మాత్రం వేరే కంపెనీది, పాత డ్రైవర్ పనికి రాలేదు. మూలన ఉన్న బటన్ బ్యాటరీ మొదటి రోజే అయిపోయి ఉంది. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా తేదీ 2012కు వెళ్లిపోయేది. కొత్త సీఆర్2032 వేశాక కుదురుకుంది.

అప్పటి నుంచి నడుస్తోంది. మూత బిల్లుతో కలిపి బీరువాలో ఉంది. చిన్నవాడు అప్పుడప్పుడు అడుగుతుంటాడు.