తెపెయాక్ కొండ కింద కదిలే బాట

మెక్సికో సిటీలో నాలుగు రోజులున్నాను గానీ చెప్పుకోవడానికి మిగిలింది తెపెయాక్ కొండ కింద మేరీమాత గుడికెళ్లిన ఒక్క పూటే.

టాక్సీవాడు చెప్పిన రేటు విని దణ్ణం పెట్టి మెట్రో ఎక్కాను. టికెట్ 5 పెసోలు. లా విల్లా-బసీలికా స్టేషన్‌లో దిగాక దారి అడగక్కర్లేదు, జనం వెనకాల నడవడమే. కొందరు మోకాళ్ల మీదే వెళ్తున్నారు. పాత బసీలికా, అంటే పెద్ద చర్చి, ఒక పక్కకి ఒరిగి ఉంది, ఒకప్పటి సరస్సు నేల మరి.

1976 నాటి కొత్త బసీలికాలో గ్వాదలూపే మాత (మేరీమాతకి ఇక్కడి పేరు) పటం కింద కదిలే బాటలు పెట్టారు, ఎయిర్‌పోర్టులోలాగా. తల పైకెత్తి ఆ నక్షత్రాల ముసుగు చూసేలోపే అవతలికి చేర్చేసింది. తిరుమలలో అయితే "జరగండి, జరగండి" అనే మనిషినైనా విసుక్కోవచ్చు. బెల్టునేం అంటాం? మళ్లీ ఎక్కాను. మూడోసారికి గానీ కాళ్లకింద నల్లటి నెలవంక కనబడలేదు.

1531 డిసెంబరులో హువాన్ దియేగో అనే నహువా (ఇక్కడి ఆదివాసి) మనిషికి ఈ కొండమీద ఆమె కనబడి, అతని భాషలోనే మాట్లాడి, ఇక్కడ తనకి గుడి కట్టించమందట. బిషప్ నమ్మలేదు. హువాన్ తను కప్పుకున్న దుప్పటి విప్పి గులాబీలు కిందపోస్తే దానిమీద ఈ రూపం తేలిందని కథ.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మాత్రం సహగున్ ఫిర్యాదు. ఆ శతాబ్దంలోనే ఈ ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసి తెగ విసుక్కున్నాడు: ఇక్కడ ఇదివరకు తొనాంత్సిన్ అనే పాత దేవత గుడి ఉండేది, జనం మరియమ్మనీ అదే పేరుతో పిలుస్తూ ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు, "దేవుని తల్లి" అనాలి గానీ ఇదేమిటి అని. ఆ పాత గుడికి మనకున్న ముఖ్య సాక్ష్యం ఈ విసుగే. తొనాంత్సిన్ అంటే "మా అమ్మగారు". నహువాల భాష నహువాత్ల్‌లో ఆ "త్సిన్" మన "గారు" లాంటిది.

అది చదివినప్పుడే మా నాయనమ్మ గుర్తొచ్చింది. బెజవాడలో ఫిబ్రవరి తిరునాళ్లకి బొట్టు పెట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని గుణదల కొండెక్కేది. మా తమ్ముడి పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించింది. మేరీమాత అనేది కాదు, "గుణదలమ్మ" అనేది. సహగున్ చూస్తే ఆవిడ మీద కూడా ఓ పేజీ రాసేవాడు.

బయట గోర్దితాలు కొన్నాను. బిళ్లల్లాంటి తియ్యటి మొక్కజొన్న రొట్టెలు, పెనం మీద కాల్చి రంగు కాగితంలో చుట్టిస్తారు. రేటు ఎక్కువని నేను మొహం పెడితే, ఆ పెద్దావిడ నవ్వి ఇంకో రెండు వేసింది. మెట్రోలో తింటుంటే చెమటకి ఆ కాగితం గులాబీ రంగంతా వేళ్లకంటింది.