వానాకాలంలో కిలోమీటర్లు పెంచేటప్పుడు జ్వరాన పడకుండా

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. దానికి 16 వారాల ప్లాన్ వేసుకున్నవాళ్లు మే మొదట్లో మొదలుపెడతారు. మే అంతా ఎండలు కాబట్టి పరుగు చిన్నగానే సాగుతుంది. జూన్ రెండో వారంలో వానలు, బడులు ఇంచుమించు కలిసే మొదలవుతాయి. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఆదివారం లాంగ్ రన్ 16 కిలోమీటర్ల నుంచి 30 దాకా పెరుగుతుంది. సరిగ్గా అవే వారాల్లో ఊరంతా వైరల్ జ్వరాలు, డెంగీ, టైఫాయిడ్, పిల్లలు బడి నుంచి మోసుకొచ్చే పడిశం. మోకాలి సంగతి అందరూ పట్టించుకుంటారు కానీ, దూరం పెరగడం, జ్వరాలు రెండూ ఒకే నెలల్లో పడుతున్నాయని ప్లాన్ వేసేటప్పుడు చూసుకునేవాళ్లు తక్కువ.

ఎక్కువ పరిగెత్తితే రోగనిరోధక శక్తి పడిపోతుందన్న మాట అందరూ వినే ఉంటారు. దానికి ఆధారంగా చూపించేది 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ మీద డేవిడ్ నీమన్ బృందం చేసిన అధ్యయనం. రేసు తర్వాతి వారంలో, పరిగెత్తినవాళ్లలో 12.9 శాతం మంది జలుబు, ఫ్లూ లాంటివి వచ్చాయన్నారు. అంతే సాధన ఉండి ఆ రోజు పరిగెత్తని వాళ్లలో అది 2.2 శాతం. కానీ అవి రన్నర్లు తమకు తాముగా చెప్పిన లక్షణాలు, ల్యాబ్ పరీక్షల్లో తేలినవి కావు. 2018లో క్యాంప్‌బెల్, టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వాదాన్నే తిరగదోడారు. పరుగు తర్వాత రక్తంలో తెల్లకణాలు తగ్గినట్టు కనిపించడం అవి చచ్చిపోయినందువల్ల కాదు, ఊపిరితిత్తులు, పేగుల లాంటి చోట్లకు కాపలాకి వెళ్లినందువల్ల అయ్యుండవచ్చని వాళ్ల వాదన. జబ్బుకి అసలు కారణాలు రేసు చుట్టూ ఉండే జనసమ్మర్దం, ప్రయాణం, నిద్ర చెడడం, తిండి తగ్గడం కావచ్చన్నారు.

ఈ రెండో వాదన వైపే నేను మొగ్గుతాను. పరుగు పెరిగిన వారంలో పరుగుతో పాటు ఇంకా నాలుగు మారిపోతాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, కానీ పడుకునే వేళ మారదు. ఆకలి పెరుగుతుంది, బరువు తగ్గే అవకాశం కదా అని తిండి మాత్రం పెంచరు. తడి బట్టల్లో ఎక్కువసేపు ఉంటారు. పదిమందితో కలిసి తాగుతారు, తింటారు. మన చేతిలో ఉన్నవి ఇవే.

మొదటిది నిద్ర. షెల్డన్ కోహెన్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. అంతకుముందు రెండు వారాల్లో రోజుకి ఏడు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకి, ఎనిమిది గంటలు ఆపైన పడుకున్నవాళ్లతో పోలిస్తే, జలుబు చేసే అవకాశం దాదాపు మూడింతలు ఉంది. కాబట్టి లెక్క కచ్చితంగా పెట్టుకోవాలి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదికల్లా లైటు ఆరాలి. అలా కుదరని రాత్రి, మర్నాటి ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో ఆగుతూ వేగంగా చేసే పరుగులు) మానేసి గంట ఎక్కువ పడుకోవడం మంచిది. అయిదు గంటల నిద్రతో చేసిన స్పీడ్ వర్కౌట్ వల్ల ఒరిగేది తక్కువ, పోయేది ఎక్కువ.

ఇక కిలోమీటర్ల సంగతి. వారానికి 30 కిలోమీటర్లతో మొదలైతే 30, 33, 37, ఆ తర్వాత 28. మళ్లీ 38, 42, 46, ఆపైన 34. మూడు వారాలు పెంచి నాలుగో వారం పాతిక శాతం దించడం అన్నమాట. వారానికి పది శాతానికి మించి పెంచకూడదన్న సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాల్సిన పని లేదు, కానీ ఆ దించే వారాన్ని మాత్రం వదులుకోకూడదు. దూరం పెరిగిన వారంలోనే స్పీడ్ కూడా పెంచకండి. వారంలో ఎక్కువ భాగం పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే సాగాలి. పొద్దున కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, ఒక నిమిషం నాడి లెక్కపెట్టి రాసుకోండి. రెండు వారాలు రాస్తే మీ సగటు తెలుస్తుంది. అది 54 అనుకుందాం. వరసగా రెండు రోజులు 61, 62 వచ్చిందంటే ఒంట్లో ఏదో నడుస్తోంది: సరిపోని నిద్ర కావచ్చు, నీళ్లు తక్కువై కావచ్చు, రాబోయే జ్వరం కావచ్చు. ఏదైనా సరే ఆ రోజు పరుగుని సగానికి దించండి, లేదా నడవండి.

తిండి దగ్గర జరిగే పెద్ద పొరపాటు, బరువు తగ్గడాన్నీ మారథాన్ సాధననీ కలిపి నడపడం. ఖాళీ కడుపుతో 25 కిలోమీటర్లు పరిగెత్తితే ఒంట్లో కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు బాగా పెరుగుతాయి. పరుగు 90 నిమిషాలు దాటేట్టయితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. పరుగు అయ్యాక గంటలోపు, 60 కిలోల మనిషికి నాలుగు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు సరిపోతాయి. గుడ్డు తిననివాళ్లు పెసరట్టు, పెరుగు తీసుకోవచ్చు. టీ, కాఫీలు భోజనంలోని ఇనుమును ఒంటబట్టనివ్వవు కాబట్టి గంట ఆగి తాగండి. ఆడవాళ్లు సీజన్ మొదట్లోనే హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకుంటే మంచిది, ఎందుకంటే హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటిన సందర్భాలు చాలా ఉంటాయి. సాధన పెంచాక నెలసరి ఆగిపోతే దాన్ని ఫిట్‌నెస్ గుర్తుగా తీసుకోకూడదు. తిండి చాలట్లేదని ఒళ్లు చెబుతోందని అర్థం. డాక్టర్‌ని కలవాలి.

శ్రావణమాసం కూడా ఈ వారాల్లోకే వస్తుంది. శనివారం ఒంటిపూట ఉండి ఆదివారం తెల్లారేసరికి 28 కిలోమీటర్లకు దిగడం ఒంటికి అన్యాయం. ఉపవాసం మానమని చెప్పను. లాంగ్ రన్‌ని వారం మధ్యలో సెలవున్న రోజుకి జరుపుకోండి, లేదా ఆ ఆదివారం 12తో సరిపెట్టుకోండి.

నీళ్లు ఎంత తాగాలో మీ ఒళ్లే చెబుతుంది. పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని, తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లను దానికి కలపాలి. జులై తేమలో గంటకి లీటరు పైగా పోయేవాళ్లున్నారు. అలాగని బరువు పెరిగేంత తాగడం ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన రన్నర్లలో 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. రెండు గంటలు దాటే పరుగుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఉన్న ఓఆర్‌ఎస్ పొడి, ప్యాకెట్ మీద రాసిన కొలతకి కలిపి వాడండి. లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. తియ్యటి టెట్రాప్యాక్ పానీయాలకు ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. రన్నర్లు కూడా ఆమెకి రుణపడి ఉన్నారు.

ఆ నీళ్లు పోసుకునే సీసాని ఒకసారి దగ్గరగా చూడండి. మూత తీసి, నోట్లో పెట్టుకునే సిలికాన్ ముక్కని వేళ్లతో లాగి బయటికి తీయండి. దాని కింద అంచు చుట్టూ సన్నటి నల్లగీత కనిపిస్తే అది బూజు. చక్కెర కలిసిన నీళ్లు ఆదివారం మధ్యాహ్నం దాకా కారులో ఉండిపోతే చాలు, అక్కడ మొదలవుతుంది. ఇంటికి రాగానే వేడినీళ్లు, గిన్నెల సబ్బు, సన్న బ్రష్‌తో ఆ ముక్కని విడిగా కడిగి, మూత పెట్టకుండా బోర్లించి ఆరబెట్టాలి. వీపు సంచీలో గొట్టం ఉన్న బ్లాడర్ అయితే గొట్టంలోని నీళ్లన్నీ ఊది బయటికి పంపి ఫ్రీజర్‌లో పెడితే బూజు పెరగదు. సీసా ఎంత ప్రాణస్నేహితులకైనా ఇవ్వకండి. ఇంకో అలవాటు కూడా ఉంది: బురదలో నానిన లేసు కట్టుకున్న చేత్తోనే, ముక్కు తుడుచుకున్న చేత్తోనే, పరుగు మధ్యలో శక్తికి తినే జెల్ ప్యాకెట్ పట్టుకుని పళ్లతో చింపడం. ప్యాకెట్ అంచుని ఇంటి దగ్గరే కత్తెరతో కొద్దిగా గాటు పెట్టుకుని, చేతికి శానిటైజర్ రాసుకుంటే ఆ బెడద తీరుతుంది. పరుగయ్యాక బండి దగ్గర టిఫిన్ తినేటప్పుడు ఆవిరి మీది ఇడ్లీ తినండి, పచ్చినీళ్లు కలిపిన చట్నీ వదిలేయండి. టైఫాయిడ్, పచ్చకామెర్లు వచ్చేది ఆ నీళ్ల నుంచే.

పరుగు ఆపాక గడిచే గంట చాలా కీలకం. నెక్లెస్ రోడ్‌లోనో కేబీఆర్ పార్క్ దగ్గరో ముసురులో రెండు గంటలు పరిగెత్తినవాళ్లు తడి టీషర్టుతోనే అరగంట ఫొటోలు, కబుర్లు, ఆ తర్వాత కారులో ఏసీ. తడి బట్టల వల్ల వైరస్ పుట్టదు. కానీ అలసిన ఒళ్లు చల్లబడి వణకడం దానికి అదనపు భారం. సంచీలో పొడి టీషర్టు, తువ్వాలు, చెప్పులు, ప్లాస్టిక్ కవర్ పెట్టుకుని, ఆగిన పది నిమిషాల్లో మార్చుకోండి. షూ లోపలి అట్ట బయటికి తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చాలి. జత ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది కాబట్టి వానల్లో రెండు జతలు తప్పనిసరి. తడి షూలో కాలివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఒరిసిపోతుంది, ఫంగస్ చేరుతుంది. నిలిచిన వాననీళ్లలోంచి అస్సలు పరిగెత్తకండి. కాలి మీద చిన్న పగులున్నా, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ రావచ్చు, నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కూడా తెలియదు.

డెంగీ దోమ పగలు కుడుతుంది. తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటలు, సాయంత్రం పొద్దుగూకే ముందు దానికి అదను. పరిగెత్తేటప్పుడు కుట్టడం తక్కువే. పరుగాపి, చెమట కారుతుండగా పొదల పక్కన నిక్కరుతో పదిహేను నిమిషాలు స్ట్రెచింగ్ చేస్తారు చూడండి, కుట్టేది అప్పుడు. ముందు పూసుకున్న దోమల క్రీమ్ చెమటకి కొట్టుకుపోయి ఉంటుంది. స్ట్రెచింగ్‌కి ముందు పిక్కలు, మడమలు తుడుచుకుని మళ్లీ పూసుకోండి, లేదా ఆ పని ఇంట్లో ఫ్యాను కింద చేసుకోండి. ఫ్లూ టీకా మే నెలలో వేయించుకుంటే, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కనుక వానల ఫ్లూకి ముందే సిద్ధంగా ఉంటారు.

విటమిన్ సి గురించి అడిగేవాళ్లు చాలామంది. మామూలు జనానికి రోజూ వేసుకున్నా జలుబు రావడం తగ్గదు. మారథాన్ రన్నర్లు, స్కీయింగ్ చేసేవాళ్లు, చలిలో సాధన చేసే సైనికుల మీద జరిగిన అయిదు చిన్న ట్రయల్స్‌లో మాత్రం, దాదాపు 600 మందిలో, జలుబు సగానికి తగ్గింది. చవకైనది, వేసుకుంటే తప్పులేదు. అయితే ఒక జామకాయ తిన్నా రోజుకి కావాల్సినదానికన్నా ఎక్కువే వస్తుంది.

ఇన్ని చేసినా ఒంట్లో బాగోకపోతే మెడని గీతగా పెట్టుకోండి. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర, అంటే మెడకి పైనే ఉంటే, 20 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తి చూడొచ్చు, ఒంటరిగా. పది నిమిషాల్లో తల బరువెక్కితే వెనక్కి వచ్చేయండి. ఛాతీలో కఫం, ఒళ్లునొప్పులు, విరేచనాలు, ఏ కాస్త జ్వరమున్నా పరుగు పూర్తిగా బంద్. మాత్ర వేసుకుని జ్వరం దించి పరిగెత్తడం అన్నింటికన్నా ప్రమాదం, వైరస్ గుండె కండరానికి పాకితే మయోకార్డైటిస్, అంటే ఆ కండరం వాపు, అవుతుంది. జలుబుకి మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ కొనుక్కోకండి, అది వైరస్ మీద పనిచేయదు.

ఈ నెలల్లో జ్వరమంటే డెంగీ కాదని తేలేదాకా డెంగీయేనేమో అనుకోవాలి. పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. కాళ్లనొప్పులకు రన్నర్ల సంచీలో ఎప్పుడూ ఉండే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అప్పుడు రక్తస్రావం తెచ్చిపెట్టగలవు. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష చేయించాలి. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం పోయింది కదా అని సరిగ్గా ఆ రోజుల్లోనే షూ వేసుకునేవాళ్లున్నారు, దయచేసి వద్దు.

తిరిగి మొదలుపెట్టేది మాత్రల్లేకుండా కనీసం 24 గంటలు జ్వరం లేకపోతేనే. మొదటి రోజు 30 నిమిషాల నడక. మర్నాడు నాడి మీ సగటుకి దగ్గరగా ఉంటే 20 నిమిషాల నెమ్మది పరుగు. జ్వరం ఎన్ని రోజులుంటే అన్ని రోజులు కనీసం స్పీడ్ జోలికి పోవద్దు. మొదటి వారం పాత కిలోమీటర్లలో సగం, రెండో వారం ముప్పాతిక. పోయిన లాంగ్ రన్‌ని తర్వాతి ఆదివారానికి కలపకండి, అది పోయినట్టే. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు మామూలయ్యాక, డాక్టర్ సరేనన్నాకే, రెండు వారాలైనా ఆగి మొదలుపెట్టాలి. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండెదడ ఉంటే ముందు ఈసీజీ తీయించుకోవాలి. పది రోజులు ఆగితే ఓర్పు పెద్దగా తరగదు. జబ్బు జులై మధ్యలో వచ్చి మూడు వారాలు పోతే, ఆ ఏడాదికి ఫుల్ నుంచి హాఫ్‌కి మారడానికి వీలుంటుందేమో నిర్వాహకులకు ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి.