లాగ్‌బుక్‌లో కొట్టేసిన మాట

ఎడిన్‌బరోలో నా మొదటి ఉద్యోగం రాత్రిపూట ఒక ఆఫీసు బిల్డింగుకి కాపలా. 2013 సెప్టెంబర్లో ఎమ్మెస్సీకి వచ్చాను. ఫీజు కట్టాక నాన్నని ఇంకా డబ్బులు అడగడానికి ముఖం చెల్లలేదు, కొద్దిరోజుల ట్రైనింగ్ చేసి సెక్యూరిటీ లైసెన్స్ తీసుకున్నాను. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు దాటి పని చేయకూడదు కాబట్టి శుక్రవారం, శనివారం రాత్రి పదింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా, రెండు పదులు ఇరవై, లెక్క సరిపోయేది. ఇంట్లో మాత్రం "పార్ట్ టైమ్" అన్నానే తప్ప ఏం పనో చెప్పలేదు. చెబితే అమ్మకి తెనాలిలో మా వీధి చివర ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కునికిపాట్లు పడే తాతే గుర్తొస్తాడు.

మా సూపర్‌వైజర్ రిటైరైన పోలీసాయన. ఎడిన్‌బరోని చూసుకునే లోథియన్ అండ్ బోర్డర్స్ పోలీసులో ముప్పై ఏళ్ళు చేశాడు. 2013 ఏప్రిల్ 1న స్కాట్లండ్‌లో ఉన్న ఎనిమిది పోలీసు దళాలనీ కలిపేసి ఒక్కటే పోలీస్ స్కాట్లండ్ చేశారు, ఆ రోజున చేయడం కావాలని చేసిన జోకే అని ఆయన గట్టి నమ్మకం. నన్ను "పాల్" అని పిలిచేవాడు. నా పేరు నోరు తిరగక పాల్ అని పెట్టుకున్నాడేమో అనుకుని రెండు వారాలు పలికాను, తర్వాత తెలిసింది ఇక్కడ అందరూ అందర్నీ అలాగే పిలుస్తారని, మన "తమ్ముడూ" లాంటి మాట అన్నమాట. నేను "సర్" అంటే మాత్రం చిరాకు. సర్లని ముప్పై ఏళ్ళు భరించాను, ఇంక చాలు అనేవాడు.

2014 మార్చిలో ఒక రాత్రి, మూడు దాటాక, వెనక సరుకు దించే గేటు దగ్గర కెమెరాలో ఒక మనిషి కనిపించాడు. పాత బిల్డింగుల పైకప్పు మీద పరిచిన సీసం రేకుల్ని ఊడపీక్కుపోయి తుక్కుకి అమ్ముకోవడం ఈ దేశంలో పాత దొంగతనమే, వాడు వచ్చిందీ దానికే. నేను ఫోన్ చేశాను, పోలీసులు వచ్చారు, వాడు ఇంకా పైపు పట్టుకుని దిగుతూ ఉండగానే దొరికాడు. చెప్పడానికి ఇంతే. కానీ తర్వాత నేను లాగ్‌బుక్‌లో "అనుమానాస్పదంగా తిరుగుతున్న వ్యక్తి" అని రాస్తే, పొద్దున డ్యూటీకి వచ్చిన సూపర్‌వైజర్ ఆ "అనుమానాస్పదం" మీద అడ్డంగా గీత గీశాడు. అది నీ అనుమానం, వాడు చేసింది కాదు, ఏం చూశావో అది రాయి అన్నాడు. ఏం చూశాను? బూడిద రంగు హుడ్, ఒక చేతికే గ్లవ్, చేతిలో నీలం ఐకియా సంచి. ఎన్ని గంటలకి? 3:10. ఇది నీ గడియారమా, కెమెరా గడియారమా? రెండింటికీ నాలుగు నిమిషాలు తేడా. అదీ రాయించాడు.

ఆ వారమే కంట్రోల్ రూమ్ సొరుగులోంచి అట్ట చిరిగిన ఒక నవల తీసి ఇచ్చాడు. స్కాట్లండ్ రచయిత ఇయన్ రాంకిన్ రాసిన ఇన్‌స్పెక్టర్ రెబస్ డిటెక్టివ్ సిరీస్‌లో మొదటిది, 1987లో వచ్చింది. నేను తెనాలిలో అద్దె పుస్తకాల షాపులో రోజుకి రూపాయిచ్చి మధుబాబు షాడో నవలలు చదివినవాణ్ణి. డిటెక్టివ్ అంటే మేడ మీంచి దూకాలి, దుమ్ము దులుపుకోవాలి. రెబస్ దూకడు. సిగరెట్లు కాల్చి, తాగి, మెట్లెక్కితే ఆయాసపడతాడు. మన షాడోకి వయసు రాదు, రెబస్‌కి మాత్రం ఏడాదికి ఏడాదీ పెరుగుతుంది, 2007లో వచ్చిన నవలలో 60 నిండి రిటైరయ్యాడు కూడా. రిటైరైనా ఊరుకోలేదు, 2012లో పాత కేసుల విభాగంలో సివిలియన్‌గా మళ్ళీ వచ్చాడు. మా సూపర్‌వైజర్‌కి ఆ భాగమే ఇష్టం, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఆ మొదటి నవల వెనక కథ ఇంకా బాగుంటుంది. రాంకిన్ అప్పుడు ఎడిన్‌బరో యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. పోలీసుల గురించి ఏమీ తెలియదు, తెలుసుకుందామని లీత్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. పిల్లల్ని ఎత్తుకుపోయే తన కథ చెప్పాడు. సరిగ్గా అప్పుడే అలాంటి నిజం కేసు ఒకటి నడుస్తోంది. దాంతో వాళ్ళు ఇతన్నే కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఇది చదివి నేను పకపకా నవ్వాను, ఎందుకంటే సీసం దొంగ రాత్రి స్టేట్‌మెంట్ ఇస్తున్నప్పుడు నాకూ అదే దడ. దొంగని పట్టించింది నేనే, అయినా "పుట్టిన ఊరు?" అని కానిస్టేబుల్ అడగ్గానే నాలుక ఎండిపోయి, అడక్కుండానే వీసా, 20 గంటలు, టైమ్‌షీట్ అన్నీ వరసపెట్టి చెప్పేశాను. ఆవిడ పెన్ను ఆపి, అవన్నీ నాకెందుకు అన్నట్టు చూసింది.

ఆ రాత్రి వచ్చింది ఇద్దరు పోలీసులు. ఇంత చిన్న దొంగతనానికి ఇద్దరెందుకని తర్వాత అడిగాను. స్కాట్లండ్ చట్టంలో ఒక్క సాక్ష్యం సాక్ష్యం కాదు, నేరం రుజువు కావాలంటే ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఆధారాలు కావాలి, అందుకే ఇక్కడ పోలీసులు జంటగా తిరుగుతారు అన్నాడు సూపర్‌వైజర్. ఇంగ్లండ్‌లో ఈ నియమం అలా లేదు. ఒకే దేశం అనుకుని వచ్చాను, చట్టం వేరు, కోర్టులు వేరు, జ్యూరీలో 12 బదులు 15 మంది, "నేరం చేశాడు", "చేయలేదు" కాక "రుజువు కాలేదు" అని మూడో తీర్పు. ఆ మూడోది ఎత్తేస్తూ 2025లో చట్టం చేశారు.

ఆగస్టులో చాంబర్స్ స్ట్రీట్‌లోని షెరీఫ్ కోర్టుకి సాక్షిగా రమ్మని కాగితం వచ్చింది. ముందురోజు రాత్రి నిద్ర లేదు. "గౌరవనీయులైన" అంటే ఇంగ్లీషులో ఏమనాలి, నా యాస అర్థమవుతుందా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నాలుగు నిమిషాల తేడా పట్టుకుంటారా. అరువు తెచ్చుకున్న టైతో తొమ్మిదిన్నరకి వెళ్ళి సాక్షుల గదిలో కూర్చున్నాను. పది, పదకొండు, పన్నెండు. ఒక పాత మ్యాగజైన్‌లో పదబంధ ప్రహేళిక సగం పూరించి ఉంది, మిగతా సగం నేను పూరించాను. రెండున్నరకి ఒకామె వచ్చి, ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు, మీరు వెళ్ళొచ్చు, బస్సు ఖర్చులకి ఈ ఫారం నింపండి అంది. నా లాగ్‌బుక్ ఎవరూ తెరవలేదు. నవలలో అయితే ఈ పేజీ ఉండదు.

రాంకిన్ రాసే పద్ధతి కూడా కొంచెం ఈ కాపలా పనిలాంటిదే అనిపిస్తుంది నాకు. పేపర్ కటింగులు, చిన్న చిన్న కాగితాలు ఒక ఫోల్డర్లో పడేసి ఉంచుకుంటాడు, పుస్తకం మొదలుపెట్టేటప్పుడు అవి తీసి చూసుకుంటాడు. హంతకుడెవరో తనకీ ముందు తెలియదట, మొదటి ప్రతి రాసుకుంటూ పోతే తెలుస్తుందట. ఆరేడు పదుల పేజీలు దాటేసరికి ఇది పుస్తకం కాదు, అయిపోయింది నా పని అని ప్రతిసారీ భయం పట్టుకుంటుందట. ఇన్ని నవలలు రాసినాయనకి కూడానా అని నాకు భలే ఊరట.

నన్ను పట్టుకుని కుదిపింది మాత్రం 2004 నాటి "ఫ్లెష్‌మార్కెట్ క్లోజ్". ఆ సందు నిజంగానే ఉంది, హై స్ట్రీట్ నుంచి నిలువుగా కిందకి దిగే రాతిమెట్ల దారి, వేవర్లీ స్టేషన్‌కి నేను దిగేది అందులోంచే. నవలలో ఎడిన్‌బరో శివారు కౌన్సిల్ ఇళ్ళ మధ్య ఒక కుర్దు శరణార్థి శవమై దొరుకుతాడు. దానికి మూడేళ్ళ ముందు, 2001లో, గ్లాస్గో సైట్‌హిల్‌లో ఒక కుర్దు కుర్రాణ్ణి నిజంగానే పొడిచి చంపారు. నవలలో శరణార్థుల్ని బంధించి ఉంచే నిర్బంధ కేంద్రం ఒకటుంది, దానికి పేరు వేరే పెట్టాడు కానీ దక్షిణ లానార్క్‌షైర్‌లో డంగవెల్ అని అసలుదే ఒకటుంది. స్కాట్లండ్‌లో పోలీసులు, కోర్టులు ఎడిన్‌బరో పార్లమెంటు చేతిలో, వీసాలు, నిర్బంధం లండన్ చేతిలో. ఈ మెలిక నాకు హోం ఆఫీసు వెబ్‌సైట్ ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు, రెబస్ ఆ గేటు బయట నిలబడ్డాక ఎక్కింది. పోలీసు ఏ తలుపైనా తట్టగలడు, మంత్రి ఇల్లయినా మత్తుమందు అమ్మేవాడి గదైనా, కాబట్టి సమాజం మొత్తం చూపించడానికి అంతకంటే మంచి పాత్ర లేదని రాంకిన్ అంటుంటాడు. నిజమే. ఒక్కటి కలుపుతాను, రాత్రి కాపలావాడికి కూడా అన్ని అంతస్తుల తాళాలూ ఉంటాయి, ఎవరి బల్ల సొరుగులో ఏం దాచుకున్నారో తెలుస్తుంది, కాకపోతే ఎవర్నీ ప్రశ్నించే హక్కుండదు.

ఇక ఆ ఏడాది రాజకీయం. మా ఫ్లాట్‌లో నలుగురం, ఇద్దరు వరంగల్, ఒకడు కడప, నేను తెనాలి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో విభజన బిల్లు పాసైంది, టీవీలో ప్రసారం ఆగిపోయింది, మా వంటింట్లో ఆ రాత్రి రెండు కుక్కర్లలో అన్నం వండుకున్నారు. సరిగ్గా ఏడు నెలలకి, సెప్టెంబర్ 18న, స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని ఓటింగ్. తమాషా ఏమిటంటే ఆ ఓటు మాకూ ఉంది. కామన్వెల్త్ దేశాలవాళ్ళు వీసా మీద ఉన్నా ఇక్కడ ఓటు వేయొచ్చు. మా సొంత రాష్ట్రం రెండైతే మమ్మల్ని ఎవరూ అడగలేదు, పక్కవాళ్ళ దేశం రెండు కావాలా అని మాత్రం పిలిచి అడుగుతున్నారు అని కడపవాడు ఒకటే నవ్వు.

పోలింగ్ ఒక ప్రైమరీ స్కూల్లో. దారానికి కట్టిన పెన్సిల్, సిరా లేదు, కార్డు అడగలేదు. ఓటేసి బయటికొస్తూ అలవాటుగా ఎడమచేతి చూపుడువేలు చాపాను. అక్కడ కూర్చున్న పెద్దావిడ ఒక్క క్షణం చూసి, ఆ వేలు పట్టుకుని ఊపి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. 84.6 శాతం మంది ఓట్లేశారు, వద్దన్నవాళ్ళు 55.3 శాతం. నేను వద్దనే వేశాను, వరంగల్ వాళ్ళిద్దరూ కావాలని. ఊహించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

సూపర్‌వైజర్ ఎటు వేశాడో ఇప్పటికీ తెలియదు. రాంకిన్ కూడా తన ఓటు బయటపెట్టలేదు, రెబస్ అయితే వద్దని వేస్తాడు, అతని దగ్గర పనిచేసిన షివోన్ క్లార్క్ కావాలని వేస్తుంది అన్నాడు. మొదట నాకు ఒళ్ళు మండింది. మనకి రచయిత అన్నాక ఎటో ఒకవైపు నిలబడాలి, లేకపోతే గోడమీద పిల్లి అంటాం. ఇప్పటికీ కొంచెం మండుతుంది, 2022లో సర్ బిరుదు పుచ్చుకున్నప్పుడు ఇంకొంచెం మండింది. అయితే నిర్బంధ కేంద్రం దగ్గర ఆయన గోడ మీద లేడు కదా. ఓటు దగ్గర మాత్రం ఇద్దరు మనుషుల్ని చేసి ఇద్దరికీ చెరో ఓటిచ్చి వదిలేశాడు. ఇది ఎంత కష్టమో నేను రాయబోతేగానీ తెలియలేదు.

పోయినేడు మా ఫ్లాట్ మీద కథ రాశాను. రెండు కుక్కర్ల కథ. వరంగల్ వాళ్ళిద్దర్లో ఒకడు ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాడు, వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులు నీలం టిక్కులే తప్ప మాట లేదు. తర్వాత ఫోన్ చేశాడు.

"నేనెప్పుడన్న అట్ల అరిసిన్నారా? ఆ దినం నువ్వే అరిసినవ్, నేను బియ్యం కడుగుతున్న."

లేదురా, నువ్వు ఆవేశంగా ఉన్నావు అన్నాను.

"ఆవేశం నీకు గొడ్తె గొట్టింది గానీ, నువ్వు చూసిందేంది?"

అర్ధరాత్రి దాటాక లాప్‌టాప్ తెరిచి "ఆవేశంగా" అన్న మాట వెతికాను, తొమ్మిది చోట్ల ఉంది, తొమ్మిదీ వాడివే. కొట్టేసి, ఆ రోజు వంటింట్లో ఏం జరిగిందో నువ్వే చెప్పరా అని మెసేజ్ పెట్టాను. పదకొండు నిమిషాల వాయిస్ నోట్ వచ్చింది. అందులో సగం నేనింకా ఇవ్వాల్సిన గ్యాస్ బిల్లు గురించే.