పోకెమాన్ కార్డులు - 40 ఆటలు, 27 ఓటములు

మొదటి పది ఆటల్లో తొమ్మిది ఓడిపోయాను. అవతల ఆడేది మా తమ్ముడే కాబట్టి పోయిన పరువు ఇల్లు దాటలేదు. ప్రతి ఆటా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా, ముందు ఎవరు ఆడారు, నాకు ఎన్ని ప్రైజులు మిగిలిపోయాయి, ఎక్కడ ఇరుక్కున్నాను అని. ఇప్పుడు 40 అయ్యాక తిరగేస్తే ఓటముల్లో సగానికి పైగా ఒకటే మాట: కావాల్సిన కార్డు చేతికి రాలేదు.

కొత్తవాళ్ల కోసం ఆట గబగబా చెప్పేస్తా. డెక్‌లో (మనం ఆడే కట్టలో) సరిగ్గా 60 కార్డులు, ఒకే పేరున్నవి 4కి మించకూడదు, దాడికి కావాల్సిన బేసిక్ ఎనర్జీ కార్డులు మాత్రం ఎన్నయినా పెట్టుకోవచ్చు. కలిపి 7 తీసుకుని, అందులోంచి ఒక బేసిక్ పోకెమాన్‌ని (నేరుగా ఆటలోకి దించగలిగేది) ముందు పెడతాం, వెనక బెంచ్ మీద 5 దాకా పెట్టుకోవచ్చు, డెక్ పైనుంచి 6 కార్డులు చూడకుండా బోర్లించి ప్రైజులుగా పక్కన పెడతాం. అవతలి పోకెమాన్ నాకౌట్ అయితే మన ప్రైజుల్లోంచి ఒకటి తీసుకోవాలి, అది ఈఎక్స్ (పేరు చివర ex ఉన్న బలమైన రకం) అయితే రెండు. ఆరూ అయిపోతే గెలిచినట్టే. వంతుకి చేత్తో పెట్టే ఎనర్జీ ఒకటి, సపోర్టర్ (సాయానికి వేసే ఒక రకం కార్డు) ఒకటి. దాడి చేస్తే వంతు ముగిసింది. ముందు ఆడేవాళ్లకి మొదటి వంతులో దాడీ లేదు, సపోర్టరూ లేదు.

నాది చరిజార్డ్ ఈఎక్స్ డెక్. దాడికి కావాల్సింది నిప్పు కదా అని మొదట్లో 20 ఎనర్జీలు కుక్కేశాను, చేతినిండా అవే! అసలు చేతిలోంచి చరిజార్డ్‌ని ఎవాల్వ్ చేసినప్పుడు (ఆటలో ఉన్న దాని చిన్న రూపం మీద పెట్టినప్పుడు) డెక్‌లోంచి 3 నిప్పు ఎనర్జీల దాకా వెతికి తగిలించుకోవచ్చని దాని మీదే రాసి ఉంది, దాడికి కావాల్సినవి రెండే. బొమ్మ చూసుకుని మురిసిపోయానే తప్ప కింద రాసింది చదవలేదు. ఇప్పుడు 8 ఎనర్జీలే, వాటిలోనూ బోలెడు మిగులుతున్నాయనిపిస్తోంది.

రెండో తప్పు బేసిక్‌లు. 8 పెట్టాను. మొదటి ఏడింటిలో ఒక్క బేసిక్ కూడా లేకపోతే చేతిలో కార్డులు చూపించి మళ్లీ కలిపి తీసుకోవాలి, అలా జరిగిన ప్రతిసారీ ఎదుటివాళ్లు కావాలంటే ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. లెక్క వేస్తే 8 బేసిక్‌లతో ఇది నూటికి 35 సార్లు జరుగుతుంది, 12 ఉంటే 19కి పడిపోతుంది. వెంటనే 12 చేశాను.

ప్రొఫెసర్స్ రీసెర్చ్ అనే సపోర్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాంతో నన్ను నేనే ఓడించుకున్నాను. చేతిలో ఉన్నదంతా పారేసి 7 కొత్తవి తీసుకోవాలి. 14వ ఆటలో ఆత్రం కొద్దీ వంతు మొదలవగానే అది వేసి రెండు రేర్ క్యాండీలు (మధ్య రూపం దాటేసి బేసిక్‌ని నేరుగా చరిజార్డ్ చేసే కార్డులు), ఒక చరిజార్డ్ చెత్తలో కలిపాను. ఇప్పుడు వరస మార్చాను: ముందు నెస్ట్ బాల్‌తో (డెక్‌లోంచి బేసిక్‌ని తెచ్చే కార్డు) బెంచ్ నింపడం, ఎనర్జీ పెట్టడం, వాడగలిగినవన్నీ వాడేయడం, ఆ తర్వాతే రీసెర్చ్. అలాగని కార్డులు తీస్తూనే ఉంటే ఇంకో చిక్కు, 23వ ఆటలో నా వంతుకి తీయడానికి డెక్‌లో కార్డే లేక ఓడిపోయాను. ఇంకొక్క ప్రైజు తీసుకుంటే ఆట నాదే, చేతికందింది నోటికందలేదు.

ఒకటే పెట్టుకున్న కార్డు ప్రైజుల్లో చిక్కే అవకాశం పదింట ఒకటి. అందుకే డెక్ మొదటిసారి వెతికే వంకతో ఏవి కనబడటం లేదో చూసుకుంటున్నా. తమ్ముడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. పిజియాట్ ఈఎక్స్ కూడా ఒకటి కాదు, రెండు పెట్టాను, వంతుకోసారి డెక్‌లోంచి నచ్చిన కార్డు తెచ్చుకోవడం అంటే మాటలా!

చివరి పదిలో 6 గెలిచాను. చరిజార్డ్ దాడి 180, అవతలివాళ్లు తీసుకున్న ఒక్కో ప్రైజుకీ ఇంకో 30 కలుస్తుంది కాబట్టి వెనకబడినా టెన్షన్ పడటం మానేశాను. రేర్ క్యాండీ రాక 38వ ఆట పోయింది, అందుకని మధ్య రూపమైన చార్మీలియన్ ఒకటున్న చోట రెండు చేస్తున్నా. తమ్ముడేమో నిన్నటి నుంచి గడ్డి రకం డెక్ కడుతున్నాడు. చరిజార్డ్‌కి గడ్డే బలహీనత, దెబ్బ రెట్టింపవుతుంది, 330 హెచ్‌పీ (దెబ్బ తట్టుకునే శక్తి) ఉన్నా 165 దెబ్బకే పోతుంది. ఆ సంగతి వాడికి చెప్పింది నేనే.