నీ కొడుకు ఫోన్ చేశాడు

అమ్మ ఈ రోజు వరండాలో ఇరవై నిమిషాలు నడిచింది. ఆ సంతోషం సాయంత్రం తమ్ముడి ఫోన్ వచ్చేదాకానే.

"నువ్వు చెప్పావనే మొదలుపెట్టాన్రా" అంది వాడితో.

ఆరు నెలల నుంచి చెబుతున్నది నేను. లే అమ్మా, మోకాళ్లు పట్టేస్తాయమ్మా, నాలుగడుగులు వెయ్యమ్మా అని పొద్దునా సాయంత్రమూ బతిమాలింది నేను. చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది నేను. వాడు పోయిన ఆదివారం ఒక్క మాట అన్నాడు, ఈవిడ లేచి నడిచింది! కళ్లలో చుక్కలు రోజుకు నాలుగుసార్లు ఎవరు వేస్తున్నారో, రాత్రి దగ్గు వినపడగానే ఎవరు లేస్తున్నారో ఆ ఏడు నిమిషాల మాటల్లో ఎక్కడా రాలేదు. ఈయనతో చెప్పుకుంటే "పోనీలే, నడుస్తోందిగా" అన్నారు. ఇంకా మండింది.

బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం తెరిచాను. తప్పిపోయిన కుమారుడి కథ: తన వాటా ఆస్తి పట్టుకుపోయి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుకుని చూసి తండ్రి పరుగెత్తి వెళ్లి, విందు చేస్తాడు. అందులో నాకు చిన్నప్పటి నుంచీ ఇంటిపట్టునే ఉన్న పెద్దవాడి మీదే జాలి. పొద్దంతా పొలంలో ఉండి వస్తే ఇంట్లో పాటలు, నాట్యం. ఎందుకో దాసుణ్ణి పిలిచి అడగాల్సి వచ్చింది. ఒక్కరైనా వెళ్లి కబురు చెప్పలేదు ఆయనకి. ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదని అడిగితే తప్పా?

నా పక్షాన ఒక మాట దొరుకుతుందనే చదివాను. "యీ నీ కుమారుడు" అంటాడు పెద్దవాడు. నా తమ్ముడు అనడు. తండ్రి మాత్రం "ఈ నీ తమ్ముడు" అంటాడు. అక్కడే ఆగిపోయాను. సాయంత్రం ఫోన్ మోగగానే నేనేమన్నాను? "అమ్మా, నీ కొడుకు."

నాకు తొమ్మిదేళ్లప్పుడు తమ్ముడు గోడ గడియారం కింద పడేశాడు. నాన్న తిట్టింది నన్ను. పెద్దదానివి, చూసుకోవద్దా అని. పెరటి మెట్ల మీద కూర్చుని ఇక ఇంట్లోకి వెళ్లకూడదనుకున్నాను. చీకటి పడింది. నాన్న వచ్చి నాకంటే కింది మెట్టు మీద కూర్చున్నాడు. సారీ చెప్పలేదు, నచ్చజెప్పలేదు. దోమలు కొట్టుకుంటూ చాలాసేపు కూర్చుని, "గాజు ముక్కలు ఏరాలి, నాకు సరిగా ఆనవు. టార్చి పడతావా?" అన్నాడు. పట్టాను. తమ్ముడు తలుపు వెనక నిలబడి ఏడుస్తున్నాడు, వాడి అరికాలికి గాజు గుచ్చుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు వాడు. నాకే చూపించాడు.

"అతని తండ్రి వెలుపలికి వచ్చి బతిమాలుకొనెను" అని పెద్దవాడి గురించి కూడా ఉంది. ఎన్నిసార్లు చదివినా చిన్నవాడి కోసం పరుగెత్తిన తండ్రే గుర్తుండేవాడు నాకు. పెద్దవాడి కోసం విందు వదిలి బయటికి వచ్చాడని ఇప్పుడే పట్టింది.

అయినా తమ్ముడికి చెప్పాల్సింది చెప్పాలి. నీ సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పమనే కదా మత్తయి 18లో ఉంది. మెసేజ్ మొదలుపెట్టాను. మూడు వాక్యాలయ్యాక చూస్తే, వాడు చేసిన తప్పేమిటో రాయలేకపోయాను. అమ్మని నడవమన్నాడు. తుడిపేశాను. నా గొడవ అమ్మతో. అమ్మకి ఎలా చెప్పను?

పెద్దకొడుకు చివరికి లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. తండ్రి మాటతోనే ఆ అధ్యాయం అయిపోతుంది.

అమ్మ దగ్గుతోంది. నాలుగోసారి చుక్కలు ఇంకా వేయలేదు.