ఆవు లెక్క గుర్రానికి పనికిరాదు

హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల పెళ్లి బరాత్‌ల కోసం గుర్రాలను పోషించే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. తమ ఆడగుర్రాన్ని చూడి కట్టించి ఒక పిల్లను తీసుకోవాలన్న కోరిక వారిలో చాలామందికి ఉంటుంది. అయితే సలహా ఇచ్చేవారంతా, అంటే పక్కింటి రైతు, ఊళ్లో పశువులకు ఎద సూదులు వేసే గోపాలమిత్ర, చివరకు మా పశువైద్యుల్లోనూ ఎక్కువమంది, ఆవులు, గేదెలతో చేయి తిరిగినవారే. ఆవులో పనిచేసే హార్మోన్లే గుర్రంలోనూ పనిచేస్తాయి కాబట్టి లెక్క కూడా ఒకటే అనుకోవడం సహజం. కానీ అవి ఎప్పుడు, ఎంతసేపు, ఏ దారిన పనిచేస్తాయన్న దగ్గర రెండింటికీ పొంతన ఉండదు.

గుర్రం పగటి వెలుతురును బట్టి ఎదకు వచ్చే జంతువు. చీకటి ఎక్కువైనప్పుడు మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఊరి, పిట్యూటరీ గ్రంథిని నడిపించే హార్మోన్ జీఎన్ఆర్‌హెచ్‌ను అణచివేస్తుంది; దాంతో ఆ గ్రంథి నుంచి అండాలను పెంచే ఎఫ్ఎస్‌హెచ్, వాటిని విడుదల చేయించే ఎల్‌హెచ్ తగినంత రాక అండాశయాలు నిద్రపోతాయి. పందెపు గుర్రాలకు జనవరి 1నే పుట్టినరోజుగా లెక్కిస్తారు కనుక పిల్లలు ఏడాది మొదట్లోనే పుట్టాలని వాటి పెంపకందారులు చలికాలంలో దీపాలు పెట్టి రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు. మన వరంగల్‌లో పగలు శీతాకాలంలో సుమారు 11 గంటలు, వేసవిలో 13 గంటలకు కాస్త పైన ఉంటుంది. తేడా తక్కువ కాబట్టి చలిదేశాల్లో కనిపించేంత కఠినమైన విరామం ఇక్కడ చాలా గుర్రాల్లో ఉండదు. ఇక్కడ కాలాన్ని నిర్ణయించేది ముహూర్తాలే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అప్పుడు మగగుర్రంతో దాటిద్దామంటారు. పగళ్లు పొడవుగా ఉండే కాలమే కనుక హార్మోన్ల పరంగా అది మంచి సమయమే. కానీ గుర్రం మోసేది దాదాపు 340 రోజులు. ఆషాఢంలో చూడి కడితే మరుసటి జ్యేష్ఠంలో ఈనుతుంది, అంటే వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లిళ్ల రద్దీలో నిండుచూలుతో ఉంటుంది. ఈ లెక్క ముందే చెప్పకపోతే యజమాని తర్వాత మనల్నే అంటాడు.

"సార్, పొద్దున ఎదకొచ్చింది, సాయంత్రం దాటిస్తే సరిపోతదా?" అన్న ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. ఉదయం ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం అన్నది ఆవు సూత్రం. ఆవులో ఎద 12 నుంచి 18 గంటలే ఉంటుంది, ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి పడిపోతుంది, ఎద ముగిశాక అండం విడుదలవుతుంది. గుర్రంలో ఎద 5 నుంచి 7 రోజులు సాగుతుంది, ఎల్‌హెచ్ రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఎద ఇంకా ముగియకముందే, చివరి ఒకటి రెండు రోజుల్లో అండం బయటపడుతుంది. మొదటి రోజు సాయంత్రం దాటిస్తే ఆ వీర్యం అండం వచ్చేదాకా నిలుస్తుందన్న భరోసా లేదు. విడుదలైన అండమూ సగం రోజుకు మించి పనికిరాదు. అందుకే స్కానింగ్ లేనిచోట, ఎద మొదలైన రెండో లేదా మూడో రోజు నుంచి గుర్రం మగదాన్ని తన్ని తరిమేవరకు రోజు విడిచి రోజు దాటించమని చెబుతాను.

స్కానింగ్ ఉంటే పని సులువు. పుటిక, అంటే అండాశయంలో అండం పెరిగే నీటిసంచి, తెరపై నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది, రోజుకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎదలో ఊరే హార్మోన్ ఈస్ట్రోజెన్ ప్రభావంతో గర్భాశయపు లోపలి మడతలు నీరుపట్టి, అడ్డంగా కోసిన బత్తాయి తొనల్లా కనబడతాయి. ఆ మడతలు స్పష్టంగా ఉండి, పుటిక 35 మిల్లీమీటర్లు దాటితే అండాన్ని విడుదల చేయించే హెచ్‌సీజీ సూది ఇవ్వవచ్చు. చాలా గుర్రాల్లో 48 గంటల్లోపు అండం విడుదలవుతుంది.

చూడి కట్టకపోతే అండం విడుదలైన 14, 15 రోజులకు గర్భాశయం నుంచి ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ వెలువడి కార్పస్ లూటియాన్ని, అంటే అండం విడుదలైన చోట ఏర్పడి ప్రొజెస్టిరాన్ ఊరిస్తూ ఎదను ఆపి ఉంచే గడ్డను, కరిగిస్తుంది. ఆవులో అది పక్కనే ఉన్న అండాశయానికి నేరుగా చేరుతుంది, గుర్రంలో ఒళ్లంతా తిరిగి చేరుతుంది. ఎదకు రప్పించడానికి ఇదే మందును సూదిగా ఇస్తాం, కానీ అండం విడుదలైన తొలి ఐదు రోజుల్లో దాని ప్రభావం నమ్మదగినది కాదు. సూది తర్వాత గుర్రానికి చెమటలు పట్టడం, కాస్త కడుపునొప్పి రావడం మామూలే. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు మాత్రం ఆ మందును ముట్టుకోకూడదు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది చూడి కట్టిన తర్వాత సాగే వ్యవహారం. పిండం సుమారు 16వ రోజు వరకు గర్భాశయమంతా కలియదిరుగుతూ తన ఉనికిని తల్లికి తెలుపుతుంది. 35 రోజులు దాటాక పిండపు పొరల కణాలు కొన్ని తల్లి గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయి గిన్నెల్లాంటి చిన్న కట్టడాలుగా స్థిరపడతాయి. అవి ఈసీజీ (గుండె పరీక్ష కాదు) అనే హార్మోన్‌ను ఊరిస్తాయి. ఆవులు, గొర్రెల్లో అండాల కోసం వాడే పీఎంఎస్‌జీ ఇదే. వాటిలో ఇది ప్రధానంగా ఎఫ్ఎస్‌హెచ్‌లా పనిచేస్తుంది, గుర్రంలో మాత్రం ఎల్‌హెచ్‌లా పనిచేసి అదనపు కార్పస్ లూటియాలను తయారుచేయిస్తుంది. అంటే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్‌కు పిండమే ఏర్పాటు చేసుకుంటుందన్నమాట! ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ గిన్నెలు ఏర్పడ్డాక పిండం పోయినా అవి సుమారు 120వ రోజు వరకు ఉండవచ్చు, అంతవరకు గుర్రం సరిగా ఎదకు రాదు. రక్తంలో ఈసీజీ ఉందని పరీక్ష చెప్పినా లోపల పిల్ల బతికి ఉందని అర్థం కాదు. అందుకే 35 రోజులలోపే మరోసారి స్కానింగ్ చేయించమని పట్టుబడతాను.

నాలుగైదు నెలలు నిండేసరికి గర్భాన్ని నిలిపే బాధ్యత పూర్తిగా మాయదే అవుతుంది. పిండపు బీజకోశాలు (వృషణాలు లేదా అండాశయాలు) బాగా ఉబ్బి అందించే ముడిసరుకుతో మాయ పెద్దమొత్తంలో ఈస్ట్రోజెన్లు తయారుచేస్తుంది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈ ఈస్ట్రోజెన్ల మందు ప్రెమారిన్ 1942లో అమెరికాలో స్త్రీల మందుగా అనుమతి పొందింది.

ఈనడం ఎక్కువగా రాత్రిపూటే, కాన్పు నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ పని మొదలయ్యాక చాలా త్వరగా ముగుస్తుంది. ఆవు మాయ వేయకపోతే రేపటిదాకా చూద్దామనడం మన పల్లెల్లో అలవాటు. గుర్రం మూడు గంటల్లో మాయ వేయకపోతే అర్ధరాత్రయినా డాక్టర్‌ను పిలవాలి; ఆలస్యమైతే గర్భాశయంలో చీము చేరి, ఆ విషం గిట్టలదాకా పాకి గుర్రం కుంటుపడుతుంది. ఈనిన వారం, పది రోజులకే మళ్లీ ఎద వస్తుంది. అండం పదో రోజుకు ముందే విడుదలైతే చూడి నిలిచే అవకాశం తక్కువ కాబట్టి, మాయ ఆలస్యమైన గుర్రాన్ని ఆ ఎదలో దాటించకుండా తరువాతి ఎదకు ఆగమనే చెబుతాను.