హివరే బజార్‌లో నీళ్ల లెక్క

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) నుంచి హివరే బజార్ సుమారు 17 కిలోమీటర్లు. ఊళ్లోకి వెళ్లకుండా ముందు గుట్ట ఎక్కాం. వాటర్‌షెడ్ పని, అంటే వాన నీటిని పడ్డచోటే ఆపి నేలలోకి ఇంకించే పని, ఎప్పుడైనా పైనుంచే చూడాలి.

వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో కందకాలు, తవ్విన మట్టి దిగువన గట్టు, దాని మీద గడ్డి. మట్టం జానెడు తప్పితే నీళ్లన్నీ ఒక కొసకు చేరి అక్కడ తెగుతాయి. ఆ ఉధృతికి కింది కందకమూ తెగుతుంది. గుట్టను వదిలేసి వాగులో చెక్ డ్యాం కడితే నాలుగు పెద్ద వానలకే ఒండ్రుతో పూడుతుంది.

తవ్వకం ఒక వేసవి పని. గడ్డి పట్టేదాకా మేకలు ఎక్కకుండా చూడటం ఏళ్ల పని. ఇక్కడ పశువుల్ని విడిచి మేపరు, కొడవలితో కోసుకెళ్తారు. ఆ కట్టుబాటు బరువు ముందు మోసేది భూమిలేని మేకలకాపరి, నీళ్లు పెరిగేది దిగువన బావి ఉన్న రైతుకు. ఈ తేడా పట్టించుకోని ఊళ్లలో రాత్రిళ్లు మందలు గుట్టెక్కుతాయి. మేం చూసినంతలో వాటర్‌షెడ్లు చెడేది ఎక్కువగా ఈ కారణంతోనే.

1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయ్యాక ఊరు శ్రమదానానికి, కొన్ని కట్టుబాట్లకు ఒప్పుకుంది. సేద్యానికి బోరు వేయకూడదు. చెరకు, అరటి వేయకూడదు. ఇది నల్లరాతి నేల, లోతు బోరు పక్కవాడి బావినే ఎండగడుతుంది.

వాన సగటున 400 మిల్లీమీటర్లే. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు పడితే 10,000 లీటర్లు. ఊరి విస్తీర్ణం దాదాపు 976 హెక్టార్లు, అంటే 100 మిల్లీమీటర్లకు 97.6 కోట్ల లీటర్లు. ఆవిరయ్యేది, పారిపోయేది, నేల తేమగా పట్టి ఉంచుకునేది తీసేసి, మిగిలిన దాంట్లో మనుషులకు, పశువులకు ముందు పక్కన పెడతారు. యాసంగికి ఎంత మిగిలిందో బోర్డు మీద రాస్తారు, గ్రామసభ పంటలు తేలుస్తుంది. వాన తగ్గిన ఏడు యాసంగి తగ్గుతుంది.

ఈ లెక్కను నమ్మాలంటే బావి కొలత సరిగ్గా ఉండాలి. మోటారు ఆపగానే కొలిస్తే మట్టం కిందికి చూపిస్తుంది, రాత్రంతా ఆగి తెల్లవారి కొలవాలి. టేపు కొసకు బరువు కట్టి దించాలి, వచ్చిన లోతులోంచి పిట్టగోడ ఎత్తు తీసేయాలి. పక్క పొలం రైతు కూడా టేపు మీద అంకె చూడాలి. మా అనుభవంలో ఊళ్లో పేచీలు సగం తగ్గేది ఆ ఒక్క పనితోనే.

2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో మన రైతులు కూడా ఇలాగే వాన, బావి మట్టం కొలిచి పంటల నీటి లెక్క వేశారు. అక్కడ నిషేధం లేదు, ఎవరి పంట వాళ్ల ఇష్టం. అయినా లెక్క అందరి ముందూ చదివాక వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లున్నారు.